కంచెమీది ఈశ్వరి

కోనసీమలో దడి లేని పెరడు ఒకప్పుడు ఉండేది కాదు. కొబ్బరి మట్టలు, తాటికమ్మలు, వెదురు బద్దలు కలిపి కట్టిన ఆ దడి రెండు వానలకు నల్లబడి, మూడవ వానకు ఒక ప్రక్కకు ఒరిగి, ఏడాదికొకసారి కొత్త కట్లు వేయించుకొంటూ ఇంటి యజమాని ఓపికను పరీక్షిస్తూ నిలిచేది. దాని అడుగున తడి, దాని నెత్తిన కొబ్బరిచెట్ల నీడ. ఆ తడినీ ఆ నీడనూ నమ్ముకొని ఎవరూ విత్తని తీగెలెన్నో దానిమీదికి ప్రాకేవి. కాకిదొండ, తిప్పతీగ, నల్లేరు, గురివింద - వీటి నడుమ, పూసినదో లేదో కూడా చూపరులకు తెలియనీయకుండా, పలుచని ఆకులతో ఒదిగి ఉండే తీగె మరొకటి ఉండేది. ఆకు నలిపితే ఘాటైన వాసన. కాండం సన్నం, వేరు మాత్రం కట్టెవలె గట్టిది. పెద్దలు దానిని ఈశ్వరి అనేవారు. అది ఉన్న దడిలోనికి పాము రాదని ఒక నమ్మకం. ఆ నమ్మకం వల్లనే కాబోలు, కలుపు తీసేవారు కూడా దానిని విడిచి పోయేవారు.

ఈ వ్యాసం ఆ తీగెను గురించి. దానిని నీడలో పెంచడం ఎలాగో చెప్పడం నా ముఖ్యోద్దేశం. కాని ఎందుకు పెంచవలెనో ముందుగా చెప్పకపోతే, పాఠకులు దీనినొక మూలికా వైద్యపు వ్యాసంగా భావించే ప్రమాదమున్నది. అది నిజంగా ప్రమాదమే. ఎందుకో ముందు తెలుస్తుంది.

కొన్నేండ్ల క్రిందట మా పెరటి దక్షిణపు దడి తీసివేసి ఇటుకగోడ కట్టించాను. గోడ పునాది త్రవ్వుతూ కూలివాడు ఒక వేరును గడ్డపారతో పైకి లాగి, "మేష్టారూ, ఇది పారెయ్యమంటారా?" అని అడిగాడు. పారవేయమన్నాను. అంతకుముందు సంవత్సరం అదే తీగెమీద మెత్తని ముళ్ళవంటి బొడిపెలతో, పండిన నేరేడుపండు రంగులో ఉన్న గొంగళిపురుగులు కనిపిస్తే, దొండపాదుకు ప్రాకుతవేమోనన్న భయంతో, చీపురుపుల్లతో త్రోసి కిరసనాయిలు డబ్బాలో వేసినవాడిని కూడా నేనే. ముప్ఫయి సంవత్సరాలు పిల్లలకు ప్రకృతిశాస్త్రం బోధించిన చేతులివి. గోడ పూర్తి అయిన తరువాతి సంవత్సరం నూరువరహాల చెట్టు ఎప్పటివలెనే ఎర్రగా విరగబూసినది. దానిమీద ఉదయాన వ్రాలే నల్లని పెద్ద సీతాకోకచిలుకలు రాలేదు. ఆ రెండింటికీ సంబంధమేమిటో నాకు వెంటనే తోచలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

ఆ సీతాకోకచిలుకలు రెండు జాతులవి. ఆంగ్లంలో ఒకదానిని కామన్ రోజ్ అనీ, రెండవదానిని క్రిమ్సన్ రోజ్ అనీ అంటారు. మొదటిదాని వెనుక రెక్కల నడుమ తెల్లని మచ్చ, అంచు వెంట ఎరుపు చంద్రవంకలు ఉంటవి. రెండవది ఇంకా సొగసుకత్తె. నల్లని ముందురెక్కలమీద తెల్లని పట్టీలు, వెనుకరెక్కలమీద కుంకుమబొట్లు రెండు వరుసలు. రెండింటికీ శరీరం ఎరుపే. రెక్కలు విప్పితే నాలుగంగుళాల దాకా వస్తవి. తక్కిన సీతాకోకచిలుకలవలె తత్తరపాటు లేదు వాటికి. ఎవరికీ జడియనట్లు నింపాదిగా, నేలకు కొద్ది ఎత్తున తేలుతూ పోతవి. ఆ ధీమాకు కారణం ఈశ్వరిలో ఉన్నది.

మన దేశపు సీతాకోకచిలుకలలో చాలావాటికి మకరందం ఏ పూవులో దొరికినా చాలును. కాని పిల్లకు పెట్టే తిండి విషయంలో మాత్రం ఒక్కొక్క జాతికి ఒక్కొక్క పట్టుదల. ఈ రెండింటి గొంగళిపురుగులు ఈశ్వరిని, దాని దగ్గరి చుట్టాలను తప్ప వేరొక ఆకును తినవు. ఆ చుట్టాలలో గాడిదగడపాకు పొలాల గట్లమీద తెలుగు రైతులందరూ ఎరిగినదే. తల్లి చిలుక తీగెలన్నింటిమీదా వ్రాలుతూ, ముందుకాళ్ళతో ఆకును తట్టి చూస్తుంది. కాళ్ళలోనే దానికి రుచి తెలుస్తుంది. ఇది ఈశ్వరియే అని నిశ్చయమైన తరువాతనే ఎర్రని పూసవంటి గ్రుడ్డును ఆకుకో కాండానికో అంటించి పోతుంది. ఈశ్వరి దొరకకపోతే ఎంత పూలతోట ఉన్నా దానికి సంతానం లేదు. మా నూరువరహాల చెట్టు భోజనశాల మాత్రమే. ఆ దడి వాటి పురిటిల్లు. నేను పురిటిల్లు పడగొట్టి, భోజనశాలకు అతిథులు రాలేదేమని ఆశ్చర్యపోయాను.

ఇప్పుడు తీగెను పరిచయం చేస్తాను. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు అరిస్టోలోకియా ఇండికా. స్వీడను దేశపు లిన్నేయసు 1753లో ఈ పేరు ప్రకటించాడు. గ్రీకు భాషలో ఆ మొదటిమాటకు సుఖప్రసవానికి శ్రేష్ఠమైనదని అర్థం. ఐరోపాలో ఈ జాతి మొక్కల పూవు గర్భస్థశిశువును పోలి ఉన్నదని తలచి, ప్రాచీనులు బాలింతలకు మందుగా వాడేవారు. మన సంస్కృత నిఘంటువులలో ఈశ్వరమూలి అన్న పేరున్నది. తెలుగునాట మొక్కలకు ప్రజలు పెట్టుకొన్న పేర్లను శ్రద్ధగా వ్రాసిపెట్టిన తొలి పాశ్చాత్యులలో విలియం రాక్స్‌బరో ఒకడు. ఆయన 1781 నుంచి 1793 వరకు మన గోదావరి డెల్టాకు పైనున్న సామర్లకోటలో ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలను చిత్రకారులచేత గీయించాడు. ఇంటి ప్రక్కనున్న తీగె పేరు ఇంటివారిని అడిగి తెలుసుకొన్న ఆ వైద్యుని పద్ధతి నేటి విద్యార్థులకు కూడా మేలైన పద్ధతే.

ఈశ్వరి పూవు చూడవలసినది. అది అందం కోసం పూయదు. లేతాకుపచ్చ, ఊదా కలిసిన రంగులో, అడుగున ఉబ్బిన బుడ్డి, దానిమీద సన్నని గొట్టం, చివర ఒకే ఒక రేక - వెరసి చుట్టగొట్టం వంటి ఆకారం. చిన్న ఈగ వాసనకు ఆశపడి గొట్టంలోనికి దిగుతుంది. గొట్టం లోపలి వెంట్రుకలు క్రిందికి వంగి ఉంటవి గనుక లోనికి పోవడం సులభం, పైకి రావడం దుర్లభం. ఈగ బుడ్డిలో చిక్కుకొంటుంది. అప్పటికి పూవులో కీలాగ్రం మాత్రమే పక్వమై ఉంటుంది; ఈగ వేరొక పూవునుంచి తెచ్చిన పుప్పొడి దానికి అంటుతుంది. తరువాత కేసరాలు విచ్చి కొత్త పుప్పొడి ఈగమీద రాలుతుంది. అటుపైన వెంట్రుకలు వాడి, దారి విడుస్తవి. ఈగ బయటపడి, బుద్ధి రానిదై, మరొక పూవులో దూరుతుంది. ఒక్క పూవును బ్లేడుతో నిలువునా చీల్చి తరగతిలో చూపితే, పరాగసంపర్కమన్న పాఠానికి అంతకంటె చిత్రపటం అక్కరలేదు.

కాయ మరీ వింత. పండి ఎండినప్పుడు అది తొడిమవైపు నుంచి ఆరు పగుళ్ళుగా విచ్చుకొంటుంది. తొడిమ కూడా సన్నని దారాలుగా చీలిపోయి, ఆ దారాలకు కాయ గిన్నెవలె వ్రేలాడుతుంది. చూస్తే మన ఇండ్లలో వెన్నకుండ పెట్టే ఉట్టియే. అందులో పలుచని రెక్కగల గింజలు ఒకదానిమీదొకటి పేర్చినట్లుంటవి. గాలికి ఉట్టి ఊగుతుంది, గింజ ఒక్కొక్కటే ఎగిరిపోతుంది.

ఈ తీగె శత్రువులనుంచి తన్ను కాపాడుకోవడానికి అరిస్టోలోకిక్ ఆమ్లమనే విషాన్ని తనలో దాచుకొంటుంది. చాలా పురుగులు అందువల్ల దాని జోలికి రావు. మన గొంగళిపురుగు మాత్రం ఆ ఆకే తిని, విషాన్ని జీర్ణం చేసికొనక, తన శరీరంలోనే భద్రపరచుకొంటుంది. పురుగు నిద్రావస్థలో ఎండుటాకు చుట్టవలె పుల్లను పట్టుకొని ఉన్న దినాలలోనూ ఆ విషం పోదు. రెక్కలు వచ్చిన తరువాతనూ పోదు. ఒకసారి నోట పెట్టిన పక్షి దానిని ఉమ్మివేసి, ఆ ఎరుపును ఆ నలుపును జ్ఞాపకం పెట్టుకొంటుంది. అందుకే వాటికి ఆ నింపాది నడక. పురుగును పుల్లతో కదిపి చూడండి: తల వెనుకనుంచి నారింజరంగు కొమ్ముల జంట బయటికి వచ్చి, చెడువాసన కొడుతుంది. అది దాని బెదిరింపు.

ఇక్కడికి కథ అయిపోలేదు. మన పెరళ్ళలో కరివేపచెట్టు, నిమ్మచెట్టు ఉండనే ఉంటవి. వాటి ఆకు తిని పెరిగే మరొక నల్లని సీతాకోకచిలుక ఉన్నది. ఆంగ్లంలో దాని పేరు కామన్ మార్మన్. దానిలో ఏ విషమూ లేదు; పక్షికి మంచి ఆహారం. మగది ఒకే వేషంలో ఉంటుంది. ఆడవి మూడు వేషాలలో కనిపిస్తవి. ఒక వేషం మగదానివంటిదే. రెండవ వేషం అచ్చంగా కామన్ రోజ్. మూడవది అచ్చంగా క్రిమ్సన్ రోజ్. ఈశ్వరి తిన్నవాని చొక్కా తొడుక్కొని, కరివేపాకు తిన్నది ధైర్యంగా తిరుగుతున్నదన్న మాట. నడకను కూడా అనుకరిస్తుంది. తరిమితే మాత్రం దొంగ బయటపడుతుంది, ఒక్క ఊపున దూసుకుపోతుంది. ఇంకొక గుర్తు కూడా ఉన్నది. అసలుదాని శరీరం ఎరుపు, నకిలీదాని శరీరం నలుపు. చొక్కా సంపాదించింది కాని ఒంటిరంగు మార్చుకోలేకపోయింది.

బలహీనమైన జీవి విషమున్న జీవిని పోలి బ్రదుకుతుందన్న సిద్ధాంతాన్ని హెన్రీ బేట్సు అనే ఆంగ్లేయుడు అమెజాను అడవుల అనుభవంతో 1862లో ప్రకటించాడు. తరువాత మూడేండ్లకు ఆల్‌ఫ్రెడ్ వాలెసు మలయా ద్వీపాల సీతాకోకచిలుకలను గురించి వ్రాస్తూ, ఈ ఆడచిలుకల వేషభేదాలను వివరించాడు. వీరిద్దరికంటె ముందు, 1758లోనే, లిన్నేయసు వీటికి పేర్లు పెట్టాడు. కొన్ని జాతులను ట్రాయి నగరపు వీరులుగా భావించి, క్రిమ్సన్ రోజ్‌కు హెక్టారు అనీ, కరివేపాకు చిలుకకు పోలిటీసు అనీ పేర్లిచ్చాడు. గ్రీకు పురాణాలలో వీరిద్దరూ ప్రయాము రాజు కుమారులు; అన్నదమ్ములు. పేరు పెట్టిన నాటికి ఒకరి వేషం మరొకరు వేస్తారన్న సంగతి ఆయనకు తెలియదు. పెద్దన్న కవచం తమ్ముడు తొడుక్కొన్న కథ ఆ పేర్లలో తనంత తాను వచ్చి కూర్చున్నది. 2014లో కృష్ణమేఘ్ కుంటే, అమెరికాలోని తోటి శాస్త్రజ్ఞులు కలిసి, ఈ వేషాలన్నింటినీ నడిపేది డబుల్‌సెక్స్ అనే ఒకే ఒక జన్యువని కనుగొన్నారు. కీటకాలలో ఆడ మగ భేదాలను తీర్చే జన్యువే అది.

దీనినిబట్టి ఒక విషయం ఊహించవచ్చును. అసలుది లేనిచోట నకిలీకి విలువ ఉండదు. పక్షికి ఎరుపునలుపుల చేదు అనుభవం లేకపోతే ఆ వేషం చూసి ఎందుకు జంకుతుంది? జపానుకు చెందిన మియాకో ద్వీపంలో ఈ ఊహకు సాక్ష్యం దొరికింది. ఆ ద్వీపంలో వెనుక కామన్ రోజ్ లేదు. గడచిన శతాబ్దపు ఉత్తరార్ధంలో అది వచ్చి స్థిరపడిన తరువాత, అక్కడి కరివేపాకు చిలుకలలో దాని వేషం వేసే ఆడవాటి పాలు పెరిగినది. దడిమీది ఈశ్వరి పోతే, దానిని తినే రెండు జాతులు పోవడమే కాదు, దాని ఆకు ఎన్నడూ తినని మూడవ జాతికి కూడా రక్షణ సన్నగిల్లుతుందన్న మాట. మా గోడ పునాదిలో తెగిన వేరు ఎంతదూరం ప్రాకి ఉన్నదో నాకు అప్పుడు అర్థమైనది.

ఇక ముందు ప్రస్తావించిన ప్రమాదం. పాముకాటుకు, జ్వరానికి, కడుపునొప్పికి ఈశ్వరివేరు వాడడం మన పల్లెలలో తరతరాలుగా ఉన్నది. పెద్దల మాటమీద నాకు గౌరవం లేకపోలేదు. అయినా ఉపాధ్యాయుడైనవాడు ఇక్కడ మొగమాటపడరాదు. 1990 తరువాత బెల్జియం రాజధాని బ్రస్సెల్సులో, బరువు తగ్గడానికి మాత్రలు తిన్న స్త్రీలకు మూత్రపిండాలు చెడిపోవడం వైద్యులు గమనించారు. మాత్రలలో ఒక చీనా మూలికకు బదులు ఈశ్వరి జాతికి చెందిన వేరు కలిసిందని తరువాతి పరిశోధనల వల్ల తేలినది. సుమారు నూరుమంది బాధితులు; పలువురికి మూత్రపిండాలు పూర్తిగా నశించినవి, కొందరికి తరువాత మూత్రనాళాలలో కాన్సరు వచ్చినది. డాన్యూబు ఉపనదుల ఒడ్డు గ్రామాలలో చిరకాలంగా ఉన్న మూత్రపిండాల వ్యాధికి కూడా, గోధుమచేలలో కలుపుగా పెరిగే ఈ జాతి మొక్క గింజలు పిండిలో కలవడమే కారణమని తరువాత శాస్త్రజ్ఞులు చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2002లో ఈ జాతి మొక్కలున్న మందులను, మనుష్యులకు కాన్సరు కలిగించేవని నిశ్చయంగా తేలిన పదార్థాల జాబితాలో చేర్చింది. విషం వెంటనే పని చేయదు, ఏండ్లు పట్టవచ్చును. అందువల్లనే మన పూర్వులకు దాని దోషం కనిపించలేదు. పాము కరచినవానిని ఆస్పత్రికి చేర్చి విషవిరుగుడు సూదిమందు ఇప్పించడమొక్కటే మార్గం. వేరు నూరుతూ గడిపిన ప్రతి నిముషమూ వాని ఆయుర్దాయంలోనుంచి పోతుంది.

అట్టి విషపుతీగెను బడిలోనూ పెరటిలోనూ పెంచమనడం సబబేనా అని ఎవరైనా అడుగవచ్చును. గన్నేరు లేని గుడి ఉన్నదా? ఉమ్మెత్త మొలవని వీధి ఉన్నదా? ఆకును నోట పెట్టరాదు, తాకిన తరువాత చేతులు కడుగుకోవలెను అన్న రెండు నియమాలు పిల్లలకు నేర్పి, పసివాండ్లకు అందనిచోట నాటితే చాలును. ఏ మొక్క ఎటువంటిదో తెలిసి దానితో మెలగడం తెలియక పెరికివేయడంకంటె మంచి చదువు.

నాకు మళ్ళీ గింజలు దొరికినది కొత్తపేట ప్రక్క పల్లెలో మా వియ్యపురాలి గారింట. వారి కొబ్బరితోట చివర పాత కంచె ఇంకా ఉన్నది. ఉట్టికాయలు కోసి ఇస్తూ ఆమె, "అన్నయ్యగారూ, మందుకా?" అన్నారు. "కాదమ్మా, సీతాకోకచిలుకలకు" అన్నాను. ఆమె నావైపు ఒకసారి, మా అబ్బాయివైపు ఒకసారి చూసి, మరేమీ అనలేదు.

ఇక పెంచే పద్ధతి. ఈశ్వరి బహువార్షిక తీగె. పైభాగం ఎండినా, పురుగులు పూర్తిగా తిన్నా, వేరునుంచి మళ్ళీ చిగురిస్తుంది. దానికి కావలసినది చిక్కని చీకటి కాదు, ఆకులనుంచి జల్లెడపట్టినట్లు దిగే నీడ. కొబ్బరితోటలో కందకు, పసుపుకు, కోకోకు సరిపోయే నీడయే దీనికీ సరిపోతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలేచోట ఆకు పసుపుబారి గిడసబారుతుంది. అట్టి ఆకు చిరు పురుగుకు కొరుకుడు పడదు. నీడ విలువ కోనసీమవారికి వేరే చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6 నాటి తుఫానులో లక్షల కొబ్బరిచెట్లు కూలిన తరువాత వచ్చిన వేసవి ఎంత తెల్లగా మండినదో చూసినవారు ఇంకా ఉన్నారు. చెట్టుక్రింద బ్రదికే చిన్న మొక్కలన్నీ ఆ యేడు అనాథలైనవి.

గింజలను ఉట్టి విచ్చుకొనకముందే పలుచని గుడ్డసంచి కట్టి పట్టుకోవలెను, లేకపోతే గాలిపాలు. తొలకరినాటికి ఇసుక, ఒండ్రు, చివికిన పెంట సమపాళ్ళలో కలిపిన కుండీలో గింజను పడుకోబెట్టి, గోరంత మందాన మన్ను కప్పవలెను. మొలక ఆలస్యంగా వస్తుంది. తొందరపడి కుండీ త్రవ్వి చూడడం విద్యార్థులకు సహజం గనుక ముందే హెచ్చరిస్తున్నాను. ముదురు తీగెనుంచి పెన్సిలు మందాన రెండు మూడు కణుపుల ముక్కలు కోసి శ్రావణంలో నాటడం మరొక మార్గం. అన్నీ నాటుకోవు, పది నాటితే కొన్ని బ్రదుకుతవి.

చోటు ఎన్నుకోవడంలోనే జాగ్రత్త అంతా ఉన్నది. గౌతమీ వసిష్ఠల నడుమనున్న మన నేల రాజోలు వైపు ఇసుక, లోపలికి వచ్చినకొద్దీ జిగురు. ఇసుకనేలలో ఆకుకుళ్ళు, కొబ్బరిపీచు పొట్టు దండిగా వేసి తేమ నిలపవలెను. జిగురునేలలో గట్టుమీద నాటవలెను. బోదె అడుగున నాటితే వానకాలంలో వేరు కుళ్ళుతుంది. లంక గ్రామాలలో వరదనీరు నిలిచే పల్లంలో అసలే వద్దు. కాలువలు కట్టివేసే వేసవి దినాలలో వారానికి రెండుసార్లు కుండెడు నీరు పోసి, మొదట్లో ఎండుటాకులు కప్పితే తీగె బ్రదికిపోతుంది. ప్రాకడానికి దడి లేకపోతే గోడకు రెండు జానల ఎడంగా వెదురు తడిక నిలబెట్టండి. గోడమీదనే ఎక్కిస్తే ఎండకు కాగిన సిమెంటు చిగుళ్ళను మాడుస్తుంది. ఇది నా గోడ నాకు నేర్పినది.

మొదటి సంవత్సరం తీగెను దోమతెర గుడ్డతో కప్పి కాపాడడం మంచిది. జానెడు తీగెమీద తల్లి చిలుక నాలుగు గ్రుడ్లు పెట్టినదంటే, పిల్లలు వారంలోనే ఆకంతా తిని, కాండం కూడా కొరికి, ఆకలితో నేలమీద తిరుగుతవి. అప్పుడు వాటికి పెట్టడానికి వేరొక ఆకు లోకంలో లేదు. రెండు మూరల ఎడంగా పది తీగెలైనా పెంచగలిగినవారే ఈ పనికి పూనుకోవలెనని నా అభిప్రాయం. తీగె మొండిగా మిగిలినప్పుడు బెంగపడనక్కరలేదు. వాన పడితే పది దినాలలో కొత్త చిగురు వేస్తుంది. దగ్గరలో నూరువరహాలు ఉంటే పెద్ద చిలుకలకు తేనెకు కొరత లేదు.

మందులు చల్లే విషయం ఒకటి. 2016లో మన దేశంలో మొదటిసారి కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కోనసీమ కొబ్బరికి కూడా పట్టుకొని, ఆకులను మసిబార్చినది. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానంవారు దానిని అణచడానికి మిత్రకీటకాలను, మేలుచేసే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు అందించే మార్గం చేపట్టారు. పురుగుమందు కొబ్బరిమీద చల్లితే క్రింది నీడలో ఉన్న తీగెమీదనే ముందు రాలుతుంది. తెల్లదోమ పోయినా పోకపోయినా గొంగళిపురుగు మాత్రం తప్పక పోతుంది. కనుక ఈశ్వరి ఉన్న వరుసనైనా మందునుంచి మినహాయించవలెను.

నర్సరీలలో ఈ జాతికే చెందిన విదేశపు తీగెలను, చేటంత పూలు పూసేవాటిని, అలంకారానికి అమ్ముతారు. వాటిని చూసి భ్రమపడరాదు. దక్షిణ అమెరికానుంచి తెచ్చిన అట్టి తీగె ఒకటి ఆస్ట్రేలియాలో తోటలనుంచి అడవులలోనికి వ్యాపించినది. అక్కడి రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే పెద్ద సీతాకోకచిలుక అది తన తీగెయే అనుకొని గ్రుడ్లు పెట్టేది. ఆకు తిన్న పిల్లలన్నీ చచ్చిపోయేవి. 1990 తరువాత డాన్ సాండ్సు అనే శాస్త్రజ్ఞుని ప్రోత్సాహంతో క్వీన్సులాండులోని బడిపిల్లలు ఆ సీతాకోకచిలుకకు నిజమైన స్వదేశపు తీగెను బడి ఆవరణలలో వేల సంఖ్యలో నాటారు. ఆ దేశంలో పిల్లలు చేయగలిగిన పని అమలాపురంలోనూ రాజోలులోనూ చేయడానికి, వెదురుబద్దలు, నీడ ఉన్న మూల, ఓపిక ఉన్న ఒక ఉపాధ్యాయుడు కావలెను. ద్రవ్యం అక్కరలేదు గనుక అనుమతి పత్రాల బెడద కూడా తక్కువ.

తరగతికి ఒక పుస్తకం పెట్టి, గ్రుడ్డు కనిపించిన తేదీ, పిల్ల బయటికి వచ్చిన తేదీ, అది చర్మం విడిచిన తేదీలు, నిద్రకు పట్టిన తేదీ, రెక్కలు వచ్చిన తేదీ వ్రాయించండి. మొత్తంమీద నెల నుంచి నెలన్నర పడుతుంది. వానకాలానికీ చలికాలానికీ తేడా ఎంతో మీ లెక్కలే చెబుతవి. నడుమ తెల్లని పట్టీ ఉన్న పురుగు కామన్ రోజ్, పట్టీ లేనిది క్రిమ్సన్ రోజ్. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు జీవశాస్త్రజ్ఞులు మన ప్రాంతపు సీతాకోకచిలుకల జీవితచరిత్రలను ఇదే విధంగా, దినదినమూ చూసి వ్రాసిపెట్టారు. ఎరుపు శరీరం గలవి ఎన్ని, నలుపు శరీరం గలవి ఎన్ని అని నూరువరహాల చెట్టు దగ్గర ఉదయం ఒక గంట లెక్కపెట్టిస్తే, అసలు నకిలీల పాలు తేలుతుంది. పట్టుకోవద్దు, చూస్తే చాలును.

మా పెరటిలో గోడకు ఇవతల వెదురు తడిక కట్టి ఇది నాలుగవ సంవత్సరం. మొదటి రెండేండ్లు ఏమీ రాలేదు. మూడవ యేట భాద్రపదంలో, ముసురు విడిచిన ఒక ఉదయాన, మా మనుమరాలు పరుగెత్తుకొని వచ్చి, "తాతయ్యా, దొండపాదుకు పురుగు పట్టింది, కిరసనాయిలు తేనా?" అన్నది. వెళ్ళి చూశాను. దొండపాదు కాదు. తడికమీద, నడుమ తెల్లని పట్టీతో, నేరేడుపండు రంగు పురుగులు మూడు ఉన్నవి. దానికి కుర్చీ వేసి అక్కడే కూర్చోబెట్టి, లెక్కపుస్తకం తేవడానికి లోపలికి వెళ్ళాను. ఈ సంవత్సరం గింజలు సంచికి అందినంత మట్టుకు అందినవి. తక్కినవి గోడ దాటి పొరుగువారి దొడ్డిలో పడినవి. వారికి ఇంకా చెప్పలేదు.